కౌంట్ అడిగావా?

దెయ్యం కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇరవై ఏళ్ళుగా రొయ్యల చెరువులు చేస్తున్నవాణ్ణి. శ్మశానం పక్క చెరువుకి కూడా ఒంటరిగా టార్చిలైటు పట్టుకుని పోయినవాణ్ణి. నేను భయపడేవి రెండే: రొయ్యకి వచ్చే తెల్లమచ్చ రోగం, మా ఆవిడ. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి వీడికి మొదట్నించీ ఆ పిచ్చి ఉందేమోనని మీరు అనుకోకూడదు.

మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. ఆ ఏడు మొదటి పంట నాకు బ్రహ్మాండంగా పండింది. చేతిలో నాలుగు డబ్బులాడితే మనిషి ఊరుకుంటాడా? చెరువు మందుల రేట్లు చూద్దామని నరసాపురంలో కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి, పాత కార్లు అమ్మే పేజీలో చిక్కుకుపోయాను.

అక్కడ కనపడింది ఆ కారు. ఎర్రటి ఎరుపు. రెండే తలుపులు. నేలకి ఆనుకుని పడుకున్నట్టు ఉంది. స్పోర్ట్స్ కారు! ధర చూస్తే మామూలు సెకండ్ హ్యాండ్ కారు ధరే. సెంటరు అతని చేత రంగుల ప్రింటు తీయించి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాను. నలభై రెండేళ్ళ వయసులో రోజుకి పదిసార్లు ఆ కాగితం తీసి చూసుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా ఆవిడ సత్యవతి దాన్ని పైపైన చూసి, "ఇది మన చెరువు గట్టు మీద నడుస్తుందాండీ?" అంది. కారు ఎక్కడుందో కనుక్కుని, "చూడకుండా డబ్బు కట్టడమేంటండీ, వంకాయలు కూడా నొక్కి చూసి కొంటారు కదా మీరు!" అని కూడా అంది. నేను విసుక్కున్నాను. నీకు తెలీదులే అన్నాను.

నా ధీమాకి కారణం అమ్మేవాడు. ఫోన్లో మాట్లాడితే నెల్లూరు వైపు రొయ్యల చెరువులు చేస్తానన్నాడు. కారు చెన్నైలో ట్రాన్స్‌పోర్టు వాళ్ళ గోడౌన్లో ఉందట. చూడ్డానికి వస్తానంటే, ఇప్పుడు లోపలికి రానివ్వరు సార్, అడ్వాన్సు పడగానే లోడు చేయిస్తా అన్నాడు. "ఇంకో ఇద్దరు రెడీగా ఉన్నారు. మీరు మన చెరువుల మనిషని మీకోసం ఆపాను సార్" అన్నాడు. అంతే, పడిపోయాను.

మా వైపు ఇదో జబ్బు. పరాయివాడైతే పది ప్రశ్నలు వేస్తాం. రొయ్యలవాడని తెలిస్తే చాలు, వాడు మన చుట్టమే. చెరువువాడు చెరువువాణ్ణి ముంచడని మా నమ్మకం.

ఇంకో సంగతి. అడ్వాన్సుగా కడదామనుకున్నది రెండో పంటకి సీడు, మేత కొనడానికి పక్కన పెట్టిన డబ్బు. సీడంటే రొయ్యపిల్లలు. ఆ డబ్బు పోతే ఆ ఏడు మా మూడు చెరువులూ ఖాళీగా ఉండాల్సిందే. కారు వచ్చాక మా పాత జీపు అమ్మేసి సర్దేద్దాం అనుకున్నాను. ఈ ముక్క సత్యవతికి చెప్పలేదు.

వాడిచ్చిన అకౌంటు ఉన్న బ్యాంకుకి మా దగ్గర్లో బ్రాంచి లేదు, రాజోలులో ఉంది. రాజోలు వెళ్ళాలంటే నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదారి దాటాలి. పంటంటే మనుషుల్నీ బళ్ళనీ కలిపి ఎక్కించుకునే పెద్ద పడవ. శ్రావణమాసం. వరద తగ్గి, ఆపేసిన పంటు మళ్ళీ తిప్పడం మొదలెట్టారు. పొద్దున్న పదిగంటలు. ఎండ చుర్రుమంటోంది. డబ్బు సంచి ఒళ్ళో పెట్టుకుని పంటు అంచున ఉన్న బల్ల మీద కూర్చున్నాను. ప్రింటు జేబులోనే ఉంది. ఆ పూట ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. ఈ సంగతి నాకు బాగా గుర్తు.

నది మధ్యకి వచ్చాం. బల్ల చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, తలకి తువ్వాలు, పాదాలకి చెరువు బురద. లుంగీ నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెరువులో దిగి అప్పుడే పైకొచ్చినవాడిలా ఉన్నాడు. మా వైపు అలాంటి మనుషులు కోకొల్లలు కాబట్టి నేనేమీ అనుకోలేదు.

ఆయన నా వైపు తిరగకుండానే, "ఏం అబ్బాయ్, కౌంట్ అడిగావా?" అన్నాడు.

"ఏం కౌంటండీ?" అన్నాను.

"ఆ కారాయన్ని. రొయ్యలాయనే కదా. కౌంట్ అడుగు."

కారు సంగతి సత్యవతికి తప్ప పురుగుకి కూడా చెప్పలేదు. ఎవరండీ మీరు అని అడగబోయాను. ఇంతలో వెనక ఎవరిదో మోటారు సైకిలు స్టాండు జారి ధబ్బున పడింది. అటు చూసి ఇటు తిరిగాను. బల్ల చివర ఎవరూ లేరు.

లేచి పంటంతా తిరిగాను. రెండు వ్యాన్లు, ఐదారు మోటారు సైకిళ్ళు, ఇరవై ముప్పై మంది మనుషులు. ఆయన లేడు. ఒడ్డు ఇంకా చాలా దూరం. టిక్కెట్లు ఇచ్చే అతన్ని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, "అక్కడెవరూ కూర్చోలేదండి. ఆ చివర తడిగా ఉందని అందరూ నించున్నారు కదండీ" అన్నాడు.

బల్ల చివర నిజంగానే తడి. నేను చేసిన పని వింటే నవ్వుతారు. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. నీళ్ళలో ఉప్పెంతుందో అలా చూడటం మాకు అలవాటు. ఉప్పగా ఉంది. సరిగ్గా మా చెరువు నీళ్ళంత ఉప్పు. వంగి గోదారి నీళ్ళు చేత్తో తీసుకుని చూశాను. వరద నీళ్ళు, చప్పగా ఉన్నాయి.

అవతల సఖినేటిపల్లి రేవులో దిగాక రాజోలు బస్సు ఎక్కలేదు. టీ కొట్టు పక్కన నిలబడి ఆ కారువాడికి ఫోన్ చేశాను.

చెరువులు తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. కౌంటంటే పట్టుబడిలో, అంటే చెరువులో రొయ్యలు పట్టినప్పుడు, కిలోకి ఎన్ని తూగాయని. ముప్పై కౌంటంటే ముప్పై రొయ్యలే కిలో, అంటే పెద్ద రొయ్య, మంచి రేటు. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నది. గట్టు తొక్కిన మొదటి వారంలోనే ఎవడికైనా ఇది తెలుస్తుంది.

"మొన్న పట్టుబడిలో మీకు కౌంటెంత వచ్చిందండీ?" అన్నాను.

"నూట యాభై సార్!" అన్నాడు ఉషారుగా. "మా ఏరియాలో అంత పెద్ద కౌంట్ ఎవరికీ రాలేదు."

నా చెవుల్ని నేనే నమ్మలేక, "ముప్పై ఎప్పుడూ రాలేదా?" అన్నాను.

"అబ్బే, ముప్పై అంటే మరీ పిల్ల రొయ్యలు సార్. మేం అలాంటివి పట్టం."

ఫోన్ పెట్టేశాను. చచ్చాన్రా బాబోయ్ అనుకున్నాను. మరుక్షణమే, కాదు, బతికిపోయాన్రా నాయనా అనుకున్నాను. అక్కడే బల్ల మీద కూలబడ్డాను. తర్వాత నవ్వొచ్చింది. కొట్టతను భయపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

అదే పంటులో వెనక్కి దాటి ఇంటికొచ్చి డబ్బు సంచి సత్యవతి ముందు పెట్టి జరిగిందంతా చెప్పేశాను. సీడు డబ్బన్న సంగతి కూడా. సత్యవతి చెడామడా తిట్టింది. "చెరువులు ఎండబెట్టుకుని ఆ ఎర్ర బొమ్మలో ఊరేగుదామనుకున్నారా? సీడు డబ్బండీ అది!" అని ఏడ్చేసింది.

కళ్ళు తుడుచుకుని, నా జేబులోంచి ఆ ప్రింటు లాక్కుని ఈసారి తీరిగ్గా చూసింది. "ఏవండీ, స్టీరింగ్ ఎడం పక్కనుందేంటండీ?" అంది. చూద్దును కదా, నిజమే. "వెనక కొండ మీద మంచు కూడానూ! నెల్లూర్లో మంచెప్పుడు పడిందండీ?" అంది. రోజుకి పదిసార్లు చూసిన ఫోటో! ఎరుపు తప్ప నాకేమీ కనపడలేదు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అంత హాయిగా మేము నవ్వి ఎన్నాళ్ళయిందో.

వాడు ఇంకో నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ధర తగ్గించాడు, బతిమాలాడు, చివరికి బెదిరించాడు. తర్వాత ఆ నంబరే పలకలేదు. కొన్నాళ్ళకి అదే ఫోటో అదే పేజీలో మళ్ళీ కనపడింది. ఈసారి అమ్మేది ట్రాన్స్‌ఫరైన మిలిటరీ ఆఫీసరట.

వాడి సంగతి తేలిపోయింది. తేలనిది పెద్దాయన సంగతే. నేను గట్టు మీద ఫోన్లో మాట్లాడుతుంటే ఎవరైనా విన్నారేమో అనుకున్నాను. సరే, విన్నారే అనుకుందాం. గోదారి నడిమధ్య ఎక్కడికి పోతాడు? ఎవరైనా నీళ్ళలో దూకితే అంతమందిలో ఒక్కరికీ కనపడదా? ఆ ఉప్పు నీళ్ళు ఎక్కడివి? రేవుకి అటూ ఇటూ ఉన్న చెరువుల మీద రెండు వారాలు వాకబు చేశాను. అలాంటి మనిషిని ఎరుగుదుమని ఒక్కరూ అనలేదు. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను అనను. ఆయన్ని ఏమనాలో కూడా నాకు తెలీదు.

ఆ వారంలోనే చెరువుల్లో సీడు వదిలాం. క్షేమంగా పంట చేతికొచ్చింది. పట్టుబడి రోజు కాటా దగ్గర నిలబడి సత్యవతే కౌంట్ చూసింది. ముప్పై రెండు. "ఆయనెవరో గానీ, ఈ సీడు వేసింది ఆయనేనండీ" అంది.

అప్పట్నించీ పంటు ఎక్కితే మేమిద్దరం ఆ బల్ల చివర ఖాళీగా వదిలి కూర్చుంటాం. టిక్కెట్లు మాత్రం సత్యవతే తీసుకుంటుంది, ఎప్పుడూ మూడు. మొదట్లో టిక్కెట్లతను మూడోది ఎవరికండీ అని అడిగేవాడు. "మా పెద్దాయన ఒకరున్నార్లే బాబూ" అనేది. ఇప్పుడు అతను అడగడం లేదు.