అతుకులు దాచని ఓడ

చింతగింజల అంబలి ఉడికే వాసన ముక్కుకు తగిలితే చాలు, రత్నమ్మ పిన్ని నా వెనక నిలబడి పని చూస్తున్నట్టే ఉంటుంది. కొండపల్లిలో బొమ్మలు చేసే ఇళ్లన్నిటికీ ఆ వాసన ఉంటుంది. అందులో రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తాం. తల, చేయి, కాలు విడివిడిగా చెక్కి మక్కుతో అతికించి, అతుకు ఎక్కడుందో ఆ బ్రహ్మదేవుడికి కూడా దొరకనంత నునుపు చేస్తాం. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరనుకునేదాన్ని. పిన్ని ఆ గర్వాన్ని ఒక్క పూటలో గీకేసింది.

పిన్ని అంటే చుట్టరికమేం లేదు, వీధిలో అందరూ అలాగే పిలిచేవారు. భర్త పోయాక ఆయన ఉలి తను పట్టుకుంది. చెక్కడం మగవాళ్ల పని, రంగులు ఆడవాళ్ల పని అని ఎవరు రాసిపెట్టారో గానీ వీధంతా నవ్వింది. ఆమె చెక్కిన బొమ్మలను దుకాణాలవాళ్లు చూడకుండానే వద్దనేవారు. అలాంటప్పుడు విజయవాడ నుంచి ఒక డాక్టరు గారు వచ్చి ఓడ బొమ్మ కావాలన్నారు. ఉత్తరాన మంచు సముద్రంలో తిమింగలాలను వేటాడిన పాతకాలపు చెక్క ఓడ. మిగతావాళ్లు మాకు రాదన్నారు, పిన్ని ఒప్పుకుంది. ఇది కుదిరితే తను చెక్కగలదని నలుగురూ ఒప్పుకుంటారు. కుదరకపోతే మళ్లీ ఒకరి దగ్గర రంగులేసుకుంటూ బతకాల్సిందే.

డాక్టరు గారు ఫోనులో ఫొటోలు చూపిస్తూ దాని బతుకంతా చెప్పారు. మంచు చీల్చెయ్యకుండా పక్కలకు మూడు వరసల చెక్క కొట్టి, ముందు భాగానికి ఇనుప రేకులు తొడిగారట. తిమింగలాలు తగ్గిపోయాక తెరచాపల మధ్య ఆవిరి యంత్రం, పొగగొట్టం దించి, సీల్ జంతువుల వేటకు పంపారట. తరవాత ధ్రువం వెతికేవాళ్లను మోసి, చివరికి ఏదో రేవులో బొగ్గు కొట్టుగా మిగిలిందట. పిన్ని అంతా విని ఒక్కటే అడిగింది.

"డెక్కు మీద నెత్తురు కడిగేవాళ్లాండీ?"

ఆయన తెల్లబోయారు. "కడిగేవాళ్లేనమ్మా. అయినా మరక ఎక్కడ పోతుంది?"

నెలన్నర పట్టింది. చెక్కుడంతా ఆమెది, చివరి నునుపు నాది. ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి లేచినప్పుడు, అలవాటు కొద్దీ చెక్కల సందుల్లో, పాత మరమ్మతుల గుర్తుగా పిన్ని చెక్కిన అతుకులన్నిట్లో మక్కు నింపి రుద్దిపెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఏం చేశావే పద్మా! దీని వయసంతా మింగేశావు."

"అతుకులు కనపడతన్నయ్ పిన్నీ, అందుకని..."

"ఆ అతుకులేసుకునేగా అన్నేళ్లు బతికింది! ఎన్ని దెబ్బలు తిందో, ఎన్ని ప్రాణాలు తీసిందో రెండూ కనపడాలి. గీకు."

ఇంకా ఆరని మక్కును ఇద్దరం సాయంత్రం దాకా కత్తిమొనతో గీకాం. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

డాక్టరు గారు వచ్చి ఓడను అటూ ఇటూ తిప్పి చూశారు. డెక్కు మీద పిన్ని వేసిన ఎర్రటి మరక దగ్గర ఆగిపోయారు. "పనితనం బాగుందమ్మా. కానీ హాల్లో పెట్టుకునేది కదా, నీళ్లలోకి దింపిన రోజున ఎంత కొత్తగా ఉందో అలా ఉండాలి. ఈ మరకలూ అతుకులూ కప్పేసి రంగేస్తే తీసుకెళ్తాను."

గుమ్మం దగ్గర అప్పటికే వీధిలోవాళ్లు మూగారు. పిన్ని గొంతు తగ్గించలేదు. "ఆ రోజుకి దానికి బతుకే మొదలవ్వలేదండీ. మీరు చెప్పిందంతా ఆ తర్వాతేగా జరిగింది? నేను కప్పనండీ."

ఆయన ఓడను వదిలేసి వెళ్లిపోయారు. "చెప్పలా, ఆడోళ్ల చెక్కుడని!" అని బయట ఎవరో నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అంతవరకు ఆమె ఎవరి కళ్లూ పడకుండా పెరటి వరండాలో చెక్కేది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి పీట, ఉలి, కర్రమొద్దు వీధి అరుగు మీద ఉన్నాయి. పక్కనే ఓడ, మరక అందరికీ కనపడేలా.

"చూసేవాళ్లని చూడనీ. నీ పీట కూడా ఇటే తెచ్చుకో. ఇయ్యాల్టి నుంచి నువ్వూ చెక్కు" అంది.

నాకు రాదన్నాను.

"నాకూ రాదనేగా అన్నారంతా!" అని ఉలి నా చేతిలో పెట్టింది.

పిన్ని పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ అరుగు మీద ఐదుగురు ఆడవాళ్లం చెక్కుతున్నాం. మొన్న ఒక పెద్దమనిషి ఆగి, ఆడవాళ్లు ఇలా వీధిలో కూర్చుంటే బాగుండదు, కాస్త లోపలికి జరగండమ్మా అన్నాడు. నేను ఉలి ఆపలేదు, గొంతూ తగ్గించలేదు.

"మేం జరగమండీ" అన్నాను.