సార్ వీధి చివర నిలబడిన మధ్యాహ్నం

మీరు ఎంతో గౌరవించే మనిషి మీద ఒక నింద వినిపిస్తే, ఆ సంగతి సూటిగా ఆయననే అడగగలరా? నేను ఒకసారి అడిగాను. ఈ ఉదయం సిరిసిల్లలో ఆటో దిగగానే సాంచాల చప్పుడు, అదే మరమగ్గాల చప్పుడు, వీధికి రెండు వైపుల నుంచీ చెవులు నింపింది. దానితో పాటే ఆ రోజూ గుర్తుకొచ్చింది. ఈ వీధిలోని నేత కుటుంబంలో పుట్టి, జగిత్యాల కళాశాలలో మాకు చరిత్ర చెప్పి, నన్ను చర్చా పోటీలకు తయారుచేసిన రాజేశం సార్ ఉద్యోగ విరమణ తరువాత ఇక్కడే ఉంటున్నారు; ఆయనను చూడటానికే వచ్చాను.

కాలేజీ రోజుల్లో ఒకసారి కోరుట్లలో జరిగిన పోటీలో మొదటి బహుమతి గెలిచి, కప్పు ఒళ్లో పెట్టుకొని బస్సులో కూర్చున్నాను. సార్ నా వైపు తిరిగారు.

“గా పిలగాడు అడిగినదానికి జవాబు చెప్పినవా బిడ్డా?”

“గెలిచిన కద సార్!”

“నీ గొంతు గెలిచింది. ప్రశ్న గట్లనే ఉన్నది.”

జగిత్యాల వచ్చేదాకా నాకు ఎదురు వాదించిన ఆ అబ్బాయి పక్షాన నాచేతనే వాదింపజేశారు. బస్సు దిగేసరికి నా వాదన నా చేతిలోనే ఓడిపోయింది. అంత ఉత్సాహంగా నేనెప్పుడూ ఓడలేదు!

చివరి సంవత్సరంలో ఒక ఆదివారం మధ్యాహ్నం జగిత్యాలలోనే ఉన్న వాళ్లింటికి వెళ్లాను. సార్ భార్య సుజాతమ్మ పెదవి చిట్లి ఉంది, ముంజేయి కమిలి ఉంది. “తలుపు తాకింది” అన్నారు, చూపు తప్పిస్తూ. అంతకుముందే వీధి నల్లా దగ్గర ఒకావిడ, “కాలేజిల నీతులు, ఇంట్ల గుద్దులు” అనడం నా చెవిన పడింది. సార్ ఎదుట కూర్చొని సూటిగా అడిగాను.

“సార్, మీరు అమ్మను కొడుతున్నరా?”

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు. కోపగించుకుంటారనుకున్నాను.

“నిద్రల కొడుతున్ననట. నాకు ఎరుక లేదు. గని నా మాట సాక్ష్యం కాదు బిడ్డా. నేను బయటికి పోత. ఆమెను అడుగు.”

చెప్పులు వేసుకొని, మా మాటలు వినిపించనంత దూరాన, వీధి చివర ఎండలో నిలబడ్డారు.

సుజాతమ్మ తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నారు. “తెల్లారుజామున ఎవలో తరుముతున్నట్టు ఒర్రుతడు, అరుస్తడు, తంతడు. లేపితే కుక్కలు మీదికొచ్చినయ్ అంటడు. రెండేండ్ల సంది గిట్లనే. తల కింది మెత్తలే నడుమ అడ్డం పెట్టుకుంటున్న.”

“పగటిపూట ఆయనంటే భయముందా అమ్మా?”

“చాయ్‌ల చక్కెర తక్కువైందని చెప్పనీకే భయపడేటోడు. నాకు ఆయనంటే భయమా!”

“మరి ఎవలకన్న చెప్పిన్రా?”

“ఏమని చెప్పాలె? నిద్రల కొట్టిండంటే ఎవలు నమ్ముతరు? మొగుణ్ని ఎనకేసుకొస్తున్నదంటరు.”

ఆమె చెప్పిందంతా కాగితం మీద రాశాను. సార్ లోపలికి వచ్చాక, నరాల డాక్టరు దగ్గరికి పోదామంటే ఒప్పుకోలేదు. కలలకు మందేమిటన్నారు. ఆయన నేర్పిన పద్ధతిలోనే ముందు ఆయన పక్షం నేనే చెప్పాను: సిగ్గు, ఏ జబ్బు పేరు వినాల్సి వస్తుందోనన్న దిగులు. తరువాత, “గని దెబ్బలు తింటున్నది మీరు కాదు సార్” అన్నాను. ఆయన నవ్వి చొక్కా మార్చుకోవడానికి లేచారు. ఆయన మీద నేను గెలిచిన ఏకైక చర్చ అది.

డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివారు. వాసనలు తెలుస్తున్నాయా అని అడిగితే, సరిగా తెలియడం లేదన్నారు సార్. డాక్టరు ఆయన చేత రాయించి చూశారు. అక్షరాలు వరుస చివరికి వచ్చేసరికి చీమల్లా చిన్నవైపోయాయి. నిద్ర పరీక్ష కూడా చేయించి, అప్పుడు చెప్పారు: అది పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు తొలిదశ. కలలు వచ్చే నిద్రలో మెదడు కింది భాగం కండరాలను కదలనివ్వదు. ఆ అదుపు తప్పితే కలలోని తన్ను నిజంగానే తగులుతుంది. కొందరిలో ఇది చేతి వణుకు కంటే ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతుంది. కదలికలను సాఫీగా నడిపే డోపమైన్ అనే రసాయనం కూడా తగ్గుతూ వస్తుంది.

భయపడాల్సిన సార్ ఆసక్తిగా కుర్చీ అంచుకు జరిగారు! “అంటే మోటరు తిరుగుతుంటది గని, బెల్టు తీసేస్తే సాంచ నడువది. నాకు నిద్రల బెల్టు తీస్తలేరు. గంతేనా డాక్టర్ సాబ్?”

“సరిగ్గా అంతే” అన్నారు డాక్టరు.

“గిన్నేండ్లు పాఠాలు చెప్పినా సాంచ ఇడువకపాయె!” అన్నారు సుజాతమ్మ. ఏడుస్తూనే నవ్వారు.

జబ్బు పూర్తిగా నయం కాదు. మందులతో కదలిక మెరుగుపడింది, నిద్రలో తన్నులు తగ్గాయి, మంచాలు వేరయ్యాయి. నల్లా దగ్గరికి మాత్రం సుజాతమ్మే వెళ్లి అందరికీ బెల్టు సంగతి చెప్పారు. వారం తిరగకముందే, “ఇంట్ల గుద్దులు” అన్న ఆవిడే వాళ్ల నాన్నను వెంటబెట్టుకొని సార్ ఇంటికి వచ్చింది. ఆయనా నిద్రలో అరుస్తారట!

నింద పడిన మనిషి, సాక్షి నోరు విప్పడానికి చోటిచ్చి తాను ఎండలో నిలబడటం నేను చూశాను. ఎవరినైనా ప్రశ్నించే ముందు ఇప్పటికీ నాకు అదే కొలత.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరైనా కలలో అరుస్తూ చేతులు విసురుతుంటే నవ్వి ఊరుకోకండి. అలాంటి వారందరికీ ఈ జబ్బు వస్తుందని కాదు, తేల్చవలసింది డాక్టరు. పక్కన పడుకునే మనిషిని విడిగా కూర్చోబెట్టి అడగండి. మెలకువలోనే కొడుతున్నాడని ఆమె చెబితే, అదీ నమ్మి ఆమె వైపు నిలబడండి. నిద్రలోనే అంటే, ఆమె మాటలు కాగితం మీద రాయండి. ఆ కాగితంతో, ఇద్దరినీ తీసుకొని, ఈ వారమే నరాల డాక్టరు దగ్గరికి బయలుదేరండి.