లచ్చమ్మ పేరు కోసం కట్టిన కోట

2023 ఎండాకాలం. సుచిత్ర జంక్షన్‌లో బట్టల దుకాణం పైన నా చెస్ క్లాసు. పిల్లలు వెళ్ళిపోయాక బోర్డులు సర్దుతుంటే, భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. మనవణ్ణి చేర్పించడానికేమో అనుకున్నాను.

"మేడమ్, కంప్యూటర్ చేతుల ఓడిపోకుండ ఆడాలె. ఐతారం లోపల నేర్పుతరా?"

ఆయన పేరు యాదిరెడ్డి. శామీర్‌పేటలో భూములున్న మనిషి, ఇప్పుడు ప్లాట్లు వేస్తున్నారు. చదరంగం కొద్దోగొప్పో వచ్చు. కూతురు స్వాతికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు తన తల్లి లచ్చమ్మ పేరు పెట్టాలని ఈయన పట్టు. పేట్ బషీరాబాద్‌లో ఉండే వియ్యంకుడు సుబ్బారావుగారేమో 'హృద్విక' అంటున్నారు. మాటామాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఆదివారం బారసాలలో ఫోన్‌లోని చెస్‌ను అన్నిటికన్నా గట్టి లెవెల్‌లో పెట్టి యాదిరెడ్డిగారు ఆడాలి. ఓడకపోతే లచ్చమ్మ.

"గెలుస్తనా?"

"గెలవలేరు. నేనే గెలవలేను. డ్రా మాత్రం చేయొచ్చు."

కంప్యూటర్‌తో బాహాబాహీకి దిగితే లెక్కల్లో మనల్ని మింగేస్తుంది. బంట్లను ఎదురెదురుగా బిగించి, అది దూరే సందు లేకుండా చేసి, వెనకాల రాజును అటూ ఇటూ జరుపుతూ కూర్చోవాలి. దీన్ని ఫోర్ట్రెస్ అంటాం, అంటే కోట. ఎవరూ బంటు కదపకుండా, దేన్నీ చంపకుండా చెరి యాభై ఎత్తులు గడిస్తే డ్రా.

"గంతేనా? ప్రహరీ గోడ కట్టి కాపలా గూసునుడు! గది మా పనే గద!"

గోడ బాగానే కట్టారు. చిక్కల్లా, కంప్యూటర్ ఏదైనా ఊరికే వదిలితే ఆయన చెయ్యి ఆగదు. టక్కున చంపేవారు, గోడకు సందు పడేది, ఆట పోయేది.

"ఖాళీగ కనబడుతాంది మేడమ్, ఎట్ల ఇడుస్త?"

చివరికి కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని ఆడమన్నాను.

బారసాలకు నన్నూ పిలిచారు. చుట్టాలంతా ఫోన్ చుట్టూ మూగారు. ఆట మధ్యలో కంప్యూటర్ తన గుర్రాన్ని తెచ్చి ఈయన బంటుకు చిక్కే గడిలో పడేసింది.

"తీసుకోండి బావగారూ, ఊరికే వస్తోంది!" అన్నారు సుబ్బారావుగారు, ఎంతో ప్రేమగా.

యాదిరెడ్డిగారి నుదుటి మీద చెమట. తొడ కింద చెయ్యి కదిలింది.

"గోడ గూలగొట్టి తొవ్వ ఇయ్యమంటవా బావా?" అని, ఎడమచేత్తో రాజును పక్కకు జరిపారు.

ఇక అక్కణ్ణించి అది ఏనుగును తిప్పడం, ఈయన రాజును తిప్పడం. చుట్టాలు ఒక్కొక్కరే విస్తళ్ళ వైపు జారుకున్నారు. పంతులుగారు రెండుసార్లు తొంగిచూసి ముహూర్తం దాటిపోతోందన్నారు. ఇద్దరు తాతలూ వినిపించుకోలేదు.

ఎట్టకేలకు తెరమీద 'డ్రా' అని పడింది. యాదిరెడ్డిగారు తువ్వాలుతో కళ్ళొత్తుకుని, "లచ్చమ్మా!" అని కేకేశారు.

స్వాతి పాపనెత్తుకుని వచ్చింది. "నాయినా, మీ ఆట అయ్యేదాక ముహూర్తం ఆగుతదా? బియ్యంల పేరు రాసేసినం. నీల."

తాతలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది గూడ డ్రానే గద బావా," అన్నారు యాదిరెడ్డిగారు నీరసంగా.

ఎత్తులు నేర్పడం సులువేననీ, ఊరికే వచ్చేదాన్ని వదిలెయ్యడం నేర్పడమే కష్టమనీ ఆ వారం నాకు తెలిసింది. ఇప్పుడు కొత్త పిల్లలకు గెలుపు కంటే ముందు డ్రా నేర్పుతున్నాను. తాతలిద్దరూ కూడా నా క్లాసులో చేరారు. ఒకరితో ఒకరు ఆడేటప్పుడు మాత్రం డ్రాకు ఇద్దరూ ఒప్పుకోరు.