శుక్ర, శనివారాల రోగులు

మా సంతలో నమాల్వా ఎవర్నీ నమ్మదు. చిక్కుళ్ల బస్తా కొనాలంటే మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగు గింజ బయటికి లాగుతుంది, కొరికి చూస్తుంది, ఆ తర్వాతే బేరం. ఆమె అంగడి పక్కనే నా కుట్టుమిషను. పదకొండేళ్లుగా పక్కపక్కన కూర్చుంటున్నాం. ఇప్పటికీ నేను కుట్టిన గౌను తిరగేసి కుట్లు పీకి చూస్తే గానీ తీసుకోదు. నాకు ఒళ్లు మండుతుంది. అయినా మా బుంగోమా పట్నంలో ఆమెలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉంటే మోసగాళ్లు ఎప్పుడో మూటాముల్లే సర్దుకునేవాళ్లని ఒప్పుకుంటాను.

ఆమె కూతురు నాఫునాకి పంతొమ్మిదేళ్లు. పోయిన జనవరిలో, అంబులెన్సులో రోగిని చూసుకునే పారామెడిక్ చదువు చదువుతానంది. దానికి కారణం తండ్రి చావు. నాలుగేళ్ల కిందట ఆయన్ని మోటారు సైకిలు గుద్దింది. అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చింది. యూనిఫారం వేసుకున్న మనిషి దర్జాగా డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక నమాల్వా ఒక్కతే. వెల్లకిలా పడుకోబెట్టిన భర్తకి నెత్తురు గొంతుకి అడ్డం పడి, ఆసుపత్రి గేటు దగ్గరే ప్రాణం పోయింది. పక్కకి తిప్పి పడుకోబెట్టి ఉంటే బతికేవాడేమో అని తర్వాత ఒక నర్సు అంది. ఆ మాట ఆమెని ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఇంట్లో ఉన్నది ఒక్క ఆవు. దాన్ని అమ్మితే ఒక్క కాలేజీకే సరిపోతుంది. తప్పుడు చోట చేరిస్తే తన కూతురు కూడా ముందు సీట్లో కూర్చునే మనిషే అవుతుందని నమాల్వా భయం.

"నువ్వూ రా తమ్ముడూ. మాట్లాడకు. కళ్లు తెరుచుకుని చూడు, అంతే," అని నన్నూ లాక్కెళ్లింది.

మొదట వెళ్లింది కొత్త బస్టాండు వెనక అద్దాల భవనానికి. గోడ నిండా టోపీలు పెట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలు. వాకిట్లో తళతళలాడే అంబులెన్సు. నాఫునా దాన్ని చూసి అక్కడే మనసు పారేసుకుంది. తల్లి మాత్రం దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పక్క అద్దం కాడకి చిక్కుకున్న ఎర్ర రిబ్బను పీలిక నాకు చూపించింది. మా వైపు శవాన్ని సొంతూరికి తీసుకెళ్లే బళ్లకి కట్టే రిబ్బను అది.

"స్టాఫులో ఎవరైనా పోయుంటార్లే అక్కా," అన్నాను.

"ఉంటారు," అంది. నమ్మలేదని మొహమే చెప్పింది.

డైరెక్టరు సిచాంగీ పాల టీ తెప్పించాడు. మాటల్లో పంచదార టీలోకంటే ఎక్కువ. "నాఫునా వాళ్ల అమ్మగారూ, ఆరు నెలల్లో సర్టిఫికెట్టు. ఉద్యోగం గ్యారంటీ. ఇంక రెండే సీట్లున్నాయి, తొందరపడాలి."

"బయట బెంచీ మీద పురుగు కూడా లేదు. ఆ రెండు సీట్ల కోసం ఎవరు కొట్టుకుంటున్నారు సార్?"

"అమ్మా!" అని నాఫునా తల దించుకుంది.

"సరే, పిల్లలు రోగుల్ని ఎక్కడ చూస్తారు?"

"మా అంబులెన్సులోనే! ఒక్కొక్కరూ నలభై ప్రయాణాలు చెయ్యాలి. అన్నీ రాసి ఉంటాయి," అంటూ ఆయన గర్వంగా ఒక విద్యార్థి ప్రాక్టికల్ పుస్తకం బల్ల మీద పెట్టాడు. ఇలాంటి తల్లిని ఆయన అంతకుముందు చూసి ఉండడు, పాపం.

"చదువు," అంది నమాల్వా కూతురితో. "తారీఖు, వారంతో సహా."

నాఫునా చదివింది. శుక్రవారం. శనివారం. మళ్లీ శుక్రవారం. పట్నం నుంచి ఏదో ఒక పల్లెకి. ఒక్కటీ పల్లె నుంచి పట్నానికి కాదు.

"మీ రోగులు సోమవారం జబ్బు పడరా సార్?"

ఆయన నవ్వాడు. మేం నవ్వలేదు. మా దగ్గర శుక్ర, శనివారాల్లో జరిగేవేమిటో పసిపిల్లకైనా తెలుసు. అవి అంత్యక్రియల రోజులు.

నాఫునా ఇంకో పేజీ తిప్పింది. "శనివారం. రోగి పేరు మసిండే. నాడి డెబ్బై రెండు. శ్వాస బాగుంది. దారిలో నొప్పి అని..." చదవడం ఆపి తల్లి వైపు చూసింది.

మసిండే ముసలాయన మా సంతలోనే పొగాకు అమ్మేవాడు. ఆ శనివారం ఆయన ఇంటి వెనక నమాల్వా వచ్చినవాళ్లకి మూడు కుండల ఉగాలి, మొక్కజొన్న పిండి ముద్ద, వండింది. ఆయన శవపెట్టెని గోతిలోకి దించిన నలుగురిలో నేనొకణ్ణి.

"ఏదో రాతలో పొరపాటు..." అన్నాడు సిచాంగీ.

"పొరపాటు కాదు సార్." నమాల్వా గొంతు పెంచలేదు. "చచ్చినవాడికి నాడి రాయడం నేర్పారు. రేపు బతికున్నవాడికీ చెయ్యి పట్టుకోకుండానే రాస్తారు. నా మొగుడికీ ఎక్కడో డెబ్బై రెండనే రాసుంటారు."

టీ తాగకుండానే లేచాం. దారంతా నాఫునా ఏడుస్తూనే ఉంది.

రెండోది మిషన్ ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు. నలియాకా అనే టీచరమ్మ కుర్చీ కూడా వెయ్యలేదు. చదువు రెండేళ్లు, ఉద్యోగానికి గ్యారంటీ లేదు, సగంమంది పరీక్ష తప్పుతారు అని మొహం మీదే చెప్పింది.

"వచ్చినవాళ్లని తరిమేస్తోంది. ఇదేం మతలబు?" అని నమాల్వా నా చెవిలో గొణిగింది. ఆవిడ మీదా అనుమానమే! ఊరుకోకుండా కుళాయి దగ్గర స్ట్రెచరు కడుగుతున్న ఇద్దరు విద్యార్థినులని పట్టుకుంది. "ముందు సీట్లో ఎవరు కూర్చుంటారమ్మా?"

"డ్రైవరు."

"పక్కన?"

"ఎవరూ కూర్చోరు. పోయిన నెల నేను కూర్చుంటే టీచరమ్మ దింపేసి ఆసుపత్రిదాకా నడిపించింది," అంది ఒకమ్మాయి. రెండోది కిసుక్కున నవ్వింది.

ఆవు ఆ వారమే రేకుల షెడ్డు ఫీజు కింద వెళ్లిపోయింది.

నెల తిరిగాక ఒక సంత రోజు మధ్యాహ్నం నాఫునా వచ్చింది. బస్తా మీద కూర్చుని తల్లి మణికట్టు మీద వేళ్లు పెట్టి, గడియారం చూస్తూ పెదవులు కదిపింది. నిమిషం పట్టింది.

"ఎనభై ఎనిమిది."

"అంతేనా? మళ్లీ లెక్కపెట్టు," అంది నమాల్వా.

కన్నకూతుర్ని కూడా నమ్మవా అని అనబోయాను. కానీ ఆమె కళ్ల నిండా నీళ్లు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇద్దరు కొనేవాళ్లు వచ్చి నిలబడినా వాళ్లకేసి చూడలేదు.

నాఫునా విసుక్కోకుండా ఒకటి నుంచి మొదలుపెట్టింది.