కాటా మీద ఆగిన బోణీ బండి

సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాళ్ళకి శత్రువులు ఎక్కడో ఉండరు. ఎదురుగా కుర్చీలో కూర్చుని, మనకి టీ తెప్పించి, "చిన్న మార్పేనండి" అంటారు. నందిగామలో ఒక పత్తి మిల్లు ఓనరు నాకు అలాంటివాడు.

నేను జగ్గయ్యపేటలో ఉంటూ చుట్టుపక్కల మిల్లులకీ షాపులకీ ప్రోగ్రాములు రాసిస్తుంటాను. ఆ మిల్లులో కాటా చీటీల ప్రోగ్రాము నాదే. పత్తి ట్రాక్టరు కాటా ఎక్కగానే బరువు తెలియాలి. కానీ కాటాతో మాట్లాడటం నా ప్రోగ్రాముకి రాదు. కాటా అమ్మినవాళ్ళిచ్చిన చిన్న ప్రోగ్రాము ఒకటుంది, దానికే వచ్చు. అందుకని నాది దాన్ని పిలుస్తుంది. అది వెళ్ళి బరువు తెచ్చి ఒక ఫైల్లో పెడుతుంది. అది వచ్చేదాకా నాది ఆగి, బరువు చూసి, చీటీ ప్రింటు తీసి, ఆ ఫైలు చెరిపేస్తుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి పంపి, వాడు తిరిగొచ్చేదాకా కూర్చోవడం లాంటిదే.

అలా పిలిచినప్పుడల్లా తెర మీద ఒక నల్ల కిటికీ తెరుచుకుని, రెండు వరసల తెల్ల అక్షరాలు చూపించి మూసుకుంటుంది. ఓనరుకి అది గిట్టలేదు.

"తెల్ల బంగారం కొనే చోట, పొద్దున్నే బోణీ బండికి ఆ నల్లది ఏందండి? కనపడకుండా చెయ్యండి."

"దాయొచ్చండీ. కానీ దానికేదైనా తేడా వస్తే చెప్పేది అందులోనే."

"పని చెయ్యమనండి, కనపడొద్దనండి. అంతేగా?"

అంతే కాదండీ మహానుభావా అని నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. వేరే మనిషి చేత చేయించుకుంటానన్నాడు. సరేనని ప్రోగ్రాములో ఒక్క ముక్క మార్చి కిటికీని దాచేశాను. ఆయన తృప్తిగా ఇంకో టీ తెప్పించాడు.

తర్వాత కొన్నాళ్ళకి, అల్పపీడనం పట్టిన ఒక పొద్దున, మిల్లు గుమాస్తా ఫోన్ చేశాడు.

"మేడం, మీ ప్రోగ్రాము బిగుసుకుపోయిందండి. బోణీ బండి కాటా మీదే ఉండిపోయింది. చీటీ రావట్లా."

"కరెంటు పోయిందా?"

"ఇప్పుడు ఉందండి. నిన్న ఆఖరి బండి అప్పుడు పోయింది. పొద్దున కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టా. ఉలుకూ పలుకూ లేదు, బెల్లం కొట్టిన రాయిలా ఉంది."

"అయితే చేత్తో చీటీ రాసి బండిని షెడ్డులోకి పంపండి. వానొచ్చేట్టుంది."

"అమ్మో! కంప్యూటర్ చీటీ లేందే బండి కదలొద్దని ఓనరుగారి ఆర్డరు. వెనక్కి తీయిద్దామంటే, బోణీ బండిని వెనక్కి తిప్పకూడదంట."

నాకు ఒళ్ళు మండింది. ఫోన్లో తేలేది కాదని బస్సెక్కాను. చిల్లకల్లు దాటగానే అద్దాల మీద చినుకులు మొదలయ్యాయి. ఆ బండిలో ఎవరి పత్తి ఉందో ఏమో అనుకుంటూ దారి పొడుగునా ఓనరుని తిట్టుకున్నాను.

నేను వెళ్ళేసరికి జల్లు పడి వెలిసింది. వీరులపాడు వైపు నుంచి వచ్చిన రైతు, మా అమ్మ వయసావిడ, ట్రాక్టరు ట్రక్కు ఎక్కి పత్తి మీద పట్టా సర్దుతోంది. సరుకు చూడటానికి కాటా దగ్గరే పట్టా విప్పించడం ఆ మిల్లు పద్ధతి. విప్పించినవాళ్ళు, ఇదిగో చీటీ వచ్చేస్తుంది, ఇదిగో వచ్చేస్తుంది అంటూ మళ్ళీ కప్పనివ్వలేదు. పై పొరంతా తడిసింది.

"ఏడాది కష్టమంతా ఇదేనమ్మా," అంది నన్ను చూసి. "లోపలికి పోనీండయ్యా అని పొద్దుట్నించి మొత్తుకుంటున్నా. ఒక్కడూ పలకడే!"

నేను కంప్యూటర్ ముందు కూర్చుని, దాచిన కిటికీని బయటికి తీశాను. అందులో ఒక ప్రశ్న ఉంది. పాత ఫైలు అలాగే ఉంది, దాని మీద రాయనా, వద్దా? నిన్న మధ్యలో కరెంటు పోవడంతో నా ప్రోగ్రాము చెరపకుండా వదిలేసిన ఫైలు అది. కాటా ప్రోగ్రాము పొద్దుట్నించి జవాబు కోసం కూర్చుంది. దాని కోసం నా ప్రోగ్రాము కూర్చుంది. చీటీ కోసం ఆవిడ వానలో నిలబడింది. ఒక్క మీట నొక్కాను. బరువు తెర మీదికి వచ్చింది, గుమాస్తా మిగతా గడులు నింపాడు. చీటీ బయటికొచ్చింది.

ఆవిడ దిగొచ్చి, ఏం రాసుందో చదవమంది. పేరు, ఊరు, బరువు చదివాను. సరుకు ఎలా ఉందో రాసే గడిలో గుమాస్తా కొట్టిన మాట ఉంది: తడి. ఆ ఒక్క మాటతో రేటు కోసేస్తారు.

"వచ్చినప్పుడు పొడిగానే ఉందిగా," అంది. "అది కూడా రాయించమ్మా."

ఓనరు అప్పుడే వచ్చాడు. "ఏం చేస్తామండి, తడిసింది తడిసిందేగా. మెషీను ఏం ఇస్తే అదే మనకి లెక్క."

"మెషీను అడుగుతుంటే కనపడకుండా చేయించింది ఎవరండీ?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పట్టా విప్పించింది మీరు. కాటా మీద ఆపింది మీరు. పొడి రేటు ఇస్తానని ఆ చీటీ మీద మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. అప్పటిదాకా నేనీ కుర్చీలోంచి లేవను, ఇంకో బండికి చీటీ తీయను."

"బోణీ వేళ ఈ గొడవేందండి?"

"బోణీయే కదా, శుభంగా చెయ్యండి మరి."

గేటు బయట ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి. ఆయన గుమాస్తా వంక చూశాడు. వాడు ప్రింటరు వంక చూశాడు. చివరికి ఓనరే జేబులోంచి పెన్ను తీసి, తడి అన్న మాట కొట్టేసి, దాని పక్కన రాశాడు: సరుకు పొడిగానే వచ్చింది, మా కాటా మీద తడిసింది, పొడి రేటే. కింద సంతకం గీకాడు.

ఆవిడ చీటీ అందుకుని మళ్ళీ నా చేతికిచ్చింది. చదివాను.

"ఇంకోసారి చదువమ్మా," అంది. "గేటు దాకా వినపడాల."