గ్రాఫిక్స్ కార్డు కింద ప్రాపులు

మా పక్క క్వార్టరు కాకను ఆశ్చర్యపరచడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. వాన పడితే "నాకు పొద్దుగాల్నే తెల్సు" అంటాడు. కరెంటు పోతే "గిప్పుడు పోతదని నిన్ననే అనుకున్న" అంటాడు. ఒకసారి భూమి కాస్త కంపించి మా కాలనీ మొత్తం వీధిలోకి పరుగెత్తితే, ఆయన మాత్రం అరుగు మీదనే కూర్చుని, డ్యూటీకి ఆలస్యంగా వచ్చిన కూలీని చూసినట్టు భూమిని చూసి తలాడించాడు.

కాక ముప్పై ఏళ్లకు పైగా బాయిలో పనిచేశాడు. గోదావరిఖనిలో బాయి అంటే నీళ్లు తోడేది కాదు, బొగ్గు తవ్వేది. లోపల పైకప్పు మనుషుల మీద పడకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఆ దుంగలను ప్రాపులంటారు. ఆయన లెక్క ప్రకారం ఈ ఊరు, రైలు పట్టాలు, మా క్వార్టర్లు, వాటిలో మేము, అందరం ఆయన పెట్టిన ప్రాపుల మీదే నిలబడి ఉన్నాం.

ఆయన రిటైరయ్యే నెలలో చిన్నమ్మ, అంటే కాక భార్య, ఒక మధ్యాహ్నం కొంగు చాటున ఫోటోల కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పెళ్లి వీడియోలు, ఓణీల ఫంక్షన్ వీడియోలు తయారుచెయ్యడం మా ఆవిడ వృత్తి.

"బిడ్డా, ఆదివారం కమ్యూనిటీ హాల్ల మీ కాకకు సన్మానం. గీ ఫోటోలతోని ఒక సిన్మా చెయ్యి. ఆయనకు తెల్వద్దు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, గా మనిషి ఆశ్చర్యపోయి నోరు తెరుస్తే నేను చూడాలె."

మా ఆవిడ మాట ఇచ్చింది. మాట ఇవ్వనిది మా కంప్యూటరే.

ఆ కంప్యూటరు సంగతి చెప్పాలి. దాని చప్పుడుకు పిండిగిర్ని అనుకుని ఒకామె గోధుమలు పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చిందంటే మీరు నమ్మరు, నమ్మకండి. ఫోటో పక్కన ఫోటో పెట్టమంటే తెర మీద ఒక చక్రం తిరిగేది. మా ఆవిడ బియ్యం ఏరి, అన్నం వండి, తిని, గిన్నెలు తోముకుని వచ్చేసరికి కూడా ఆ చక్రం ఏ సిగ్గూ లేకుండా తిరుగుతూనే ఉండేది.

"గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెడితే గుర్రంలెక్క ఉరుకుతది. నేను పెడ్త" అన్నాను నేను. కంపెనీ ఆఫీసులో ఒక బల్ల మీది కాగితాలను ఇంకో బల్ల మీదికి చేర్చే ఉద్యోగం నాది. యంత్రాల మీద నాకు ఆపాటి అధికారం ఉంది.

"మన డబ్బాల పడ్తదా?" అంది ఆమె.

"స్లాటు ఉన్నది."

ఈ రెండు మాటలు నేను చాలా గంభీరంగా అన్నాను. టార్చిలైటు వేసి చూసి మరీ అన్నాను. మదర్‌బోర్డు మీద కార్డు దూర్చే పొడుగాటి స్లాటు ఒకటి ఖాళీగా కనబడింది. ఖాళీ కనబడితే చాలు, పడుతుందనుకోవడం నాకు బస్సుల్లో అబ్బిన అలవాటు. మంచిర్యాల బస్సులో సీటు ఖాళీగా ఉంటే, మన నడుము కొలుచుకుని కూర్చుంటామా?

చౌరస్తా దగ్గరి కంప్యూటర్ దుకాణం భాయ్ మాత్రం పెళ్లిచూపులకు వచ్చిన మేనమామ కంటే ఎక్కువ ప్రశ్నలు వేశాడు.

"సాబ్, స్లాటు చూసిన్రా?"

"చూసిన భాయ్. పొడుగుది, నల్లది."

"అచ్ఛా. లోపల కార్డు ఎంత పొడుగు పడ్తదో కొలిచిన్రా? పక్క స్లాటు గూడ ఖాళీ ఉన్నదా? ఇది మందంగ ఉంటది, రెండు స్లాట్ల జాగ తింటది. ముంగట హార్డ్ డిస్కు డబ్బా అడ్డమొస్తదా?"

"ఫికర్ చెయ్యకు భాయ్, అన్నీ చూసిన."

"మరి కరెంటు? ఇది స్లాటుకెల్లే తాగుతది, వేరే వైరు అక్కర్లే. గీ ఒక్క దాంట్ల మీ నసీబు మంచిగున్నది" అన్నాడు, మిగతావాటిలో నా నసీబు ఏమిటో ఆయనకు అప్పుడే తెలిసిపోయినట్టు.

మర్నాడు పొద్దున మా ఆవిడ కెమెరా సంచి భుజాన వేసుకుని శ్రీరాంపూర్‌లో ఒక ఫంక్షన్‌కు బయలుదేరింది. స్కూటీ స్టార్ట్ చేస్తూ, "సాయంత్రం నేనొచ్చేసరికి నా మిషన్ నడవాలె. చిన్నమ్మకు మాటిచ్చిన" అంది. బెదిరించలేదు. బెదిరించి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

కంప్యూటరు కేబినెట్ తలుపు విప్పాను. లోపల ఉన్న బొగ్గు పొడిని సరిగ్గా వాడుకుంటే రామగుండం కరెంటు ప్లాంటు ఒక షిఫ్టు నడుస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పెయింటు బ్రష్షుతో తవ్వకాలు జరిపి, మదర్‌బోర్డును వెలికితీశాను. ముందు దగ్గర్లో ఉన్న తెల్ల స్లాటులో పెట్టి చూశాను. కార్డు అంచున గాటు ఒకచోట ఉంది, స్లాటులో అడ్డు ఇంకోచోట ఉంది. తెల్లవి పాతకాలం రకం కార్డులకట, కొత్త కార్డులు వాటి గడప తొక్కవు. సరే అని నల్లటి పొడుగు స్లాటు దగ్గరికి వచ్చాను. గాటుకు అడ్డు సరిగ్గా కుదిరింది. పక్క స్లాటు ఖాళీగానే ఉంది కాబట్టి కార్డు లావుకు కూడా అభ్యంతరం లేకపోయింది. ఇక నొక్కడమే అనుకున్నాను.

కార్డు దిగలేదు. దాని తోక వెళ్లి హార్డ్ డిస్కు బిగించిన ఇనుప గూడుకు కొట్టుకుంది. రెండు వేళ్ల జాగా తక్కువ. రెండంటే రెండే వేళ్లు! నొక్కాను, వంచాను, బతిమాలాను, ఏటవాలుగా తెచ్చి దొంగచాటుగా దూర్చబోయాను. ఎటు తెచ్చినా గూడు అడ్డం. ఆ గూట్లోని హార్డ్ డిస్కులోనే కాక సినిమా సగం తయారై ఉంది.

నేను చేసిన చప్పుళ్లు గోడ దాటినట్టున్నాయి.

"ఏం కూల్తున్నదిరా?" అంటూ కాక గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో చిన్నమ్మ ఇచ్చిన ఫోటోలు పరిచి ఉన్నాయి. ఆలోచించే వ్యవధి లేదు. నేను వాటి మీద కూర్చున్నాను. కాక పెళ్లి, కాక ప్రమోషన్, కాక తీసుకున్న సేఫ్టీ బహుమతి, మొత్తం కాక సర్వీసు అంతా నా బరువు కింద భద్రమైంది.

"కార్డు పడ్తలేదు కాకా" అన్నాను లేవకుండా.

ఆయన కేబినెట్ ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలి మడతతో పైన ఒకసారి, పక్కల ఒకసారి తట్టి, చెవి పెట్టి విన్నాడు. బాయిలో పైకప్పును కూడా ఇట్లాగే కర్రతో తట్టి, చప్పుడును బట్టి గట్టిదో కాదో చెబుతారు.

"పైకప్పు మంచిగనే ఉన్నది. పక్కగోడే మీదికొచ్చింది. గోడ తీసెయ్యాలె. గిట్లయితదని నీ కొత్త డబ్బా చూసినప్పుడే అనుకున్న."

అది కొత్త డబ్బా కాదు, ఆయన దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ మాట చెప్పేలోపే ఆయన వాళ్ల ఇంటి నుంచి ఇనుము కోసే రంపం, తువ్వాల, చెంబెడు నీళ్లు తెచ్చేశాడు.

"నీళ్లెందుకు కాకా?"

"కోస్తే పొడి లేస్తది. నీళ్లు చల్లాలె. రూలు."

"కాకా వద్దు! కంప్యూటర్ల నీళ్లా!"

నేను లేచి చెంబు లాక్కోవాలి, కానీ లేస్తే సర్వీసంతా బయటపడుతుంది. అందుకని కుర్చీతో సహా ఎగిరెగిరి ముందుకు జరిగి, చెంబు అందుకుని, ఆ నీళ్లు మొత్తం గటగట తాగేశాను.

"గంత దూపయితే చెప్పద్దా?" అన్నాడు కాక జాలిగా. "లేవరాదు? వచ్చి పట్టుకో."

"నడుం పట్టింది కాకా."

"నాకు తెల్సు. నువ్వు కూసున్న తీరుకే తెల్సు."

రంపం గూటి మీద ఆనించాడు. "కాకా, ఆ గూట్ల ప్రాణమున్నది!" అని అరిచాను.

కాక చెయ్యి ఠక్కున ఆగింది. "ప్రాణమున్నదా? ముందుగాల చెప్పద్దా? మనిషిని బయటికి తీసినంకనే గోడ ముట్టాలె."

హార్డ్ డిస్కు స్క్రూలు విప్పి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా బయటికి తీసి, పైన ఎప్పుడో చచ్చిపోయిన సీడీ డ్రైవు ఖాళీ జాగాలో పడుకోబెట్టి టేపు చుట్టాడు. మదర్‌బోర్డు మీద తువ్వాల కప్పాడు. అటుపైన గోడ కూల్చాడు. ఆ చప్పుడుకు బసంత్‌నగర్ సిమెంటు లారీలు కూడా ఒక్క క్షణం ఆగి ఉంటాయి. ఇనుప పొట్టు దులిపి, తువ్వాల తీసి, కార్డు పెడితే కటుక్కున దిగింది.

నేను కుర్చీలోనే చప్పట్లు కొట్టాను. కాక మాత్రం కేబినెట్‌ను నిలబెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"వంగింది."

"ఏది?"

"నీ కార్డు. ఒక్క దిక్కే పట్టున్నది, ఇంకో దిక్కు గాల్ల ఉన్నది. ఇయ్యాల కాకుంటె రేపు కూల్తది. ప్రాపు పెట్టాలె."

నిజం చెప్పాలంటే కార్డు తోక వెంట్రుకవాసి కిందికి వాలిన మాట వాస్తవం. దానికి ఒక పెన్సిలు ముక్క చాలు. కాక ఇంట్లో ఉన్న పెన్సిళ్లన్నీ అడిగాడు. కోసి, కింద అగ్గిపుల్లలతో బిగించి, ఒకటి పెట్టాడు. దాని పక్కన ఇంకొకటి. దాని వెనక జత. మూలకు అడ్డంగా ఒకటి. నా అందమైన కార్డు కింద ఒక చిన్న టేకు తోట వెలిసింది.

"ఇగ ఏనుగును ఎక్కించు" అన్నాడు కాక. "నేను వెట్టిన ప్రాపు ఇప్పటిదాక ఒక్కటి ఇరగలే."

స్విచ్చు వేశాను. కార్డు అడుగున ఉన్న ఫ్యాను రెక్క వెళ్లి ఒక పెన్సిలుకు తగిలింది. టకటకటకటక!

దుంగలు విరిగే ముందు బాయిలో ఇట్లాగే చప్పుడు చేస్తాయట. ఆ క్షణాన కాక మా ఇంట్లో లేడు, భూమి అడుగున ఉన్నాడు. "ఇరుగుతున్నది! బయటికి! బయటికి!" అని కేకవేసి, నా చొక్కా మెడ పట్టుకుని, కుర్చీలోంచి పెరికి, గుమ్మం దాటించి, వీధి మధ్యన నిలబెట్టాడు. నడుం పట్టిన మనిషిని కదా, కాస్త మెల్లగా లాగొచ్చు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ స్కూటీ వచ్చి ఆగింది.

"ఏందయ్యా గిది? ఏమైంది కాకా?"

కాక మాత్రం నా వెనక్కి వచ్చి వంగి చూస్తున్నాడు.

"బిడ్డా," అన్నాడు నెమ్మదిగా, "నీ ప్యాంటు ఎనుక నేనెందుకున్న?"

చెమటకు ఒక ఫోటో అంటుకుపోయింది. అందులో కాక హెల్మెట్ పెట్టుకుని, సేఫ్టీ బహుమతి స్టీలు బిందె పట్టుకుని నవ్వుతున్నాడు.

"అభిమానం కాకా" అన్నాను.

అది ఎవరూ నమ్మలేదు. మా ఆవిడ ఆ ఫోటోను నా మీద నుంచి పీకిన తీరులోనే నాకు రావలసిన తిట్లన్నీ వచ్చేశాయి. కాక లోపలికి వెళ్లి, కుర్చీలో నలిగిన తన సర్వీసునంతా చూసి, కళ్లజోడు సర్దుకుని అననే అన్నాడు:

"సిన్మా చేస్తున్నరు గదా? ఆదివారానికి? నాకు ముందే తెల్సు."

చిన్నమ్మ ముఖం గుర్తొచ్చి మా ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. మా ఆవిడ కేబినెట్ ముందు కూర్చుని, ఫ్యానుకు తగులుతున్న పెన్సిలు పీకింది. చప్పుడు ఆగింది. ఆమె మిగతావన్నీ పీకి ఒక్కటి ఉంచింది. తెర వెలిగింది. చక్రం ఒక్క చుట్టు కూడా తిరగలేదు. సినిమా నీళ్లలా పారింది.

అది చూసి కాక కుర్చీ లాక్కుని డైరెక్టరైపోయాడు. "గీ ఫోటోల నా మీసం మంచిగ లేదు, తియ్యి. గా ఓవర్‌మన్‌ను తియ్యి, నాకు లీవియ్యలే. గీ బిందె ఫోటో ఇంకింత సేపుంచు." తీయమన్నవి తీయించి, ఉంచమన్నవి ఉంచించి, లేస్తూ అభయం ఇచ్చాడు: "మీ చిన్నమ్మకు చెప్పకుండ్రి. ఆదివారం నేను మంచిగ ఆశ్చర్యపోత. చూడు, గిట్ల." గుండె మీద చెయ్యి వేసుకుని ఆశ్చర్యపోయి చూపించాడు. అచ్చం గుండెనొప్పి వచ్చినట్టే ఉంది.

"సరే కాకా, మీరు చెప్పినట్టే" అంది మా ఆవిడ చాలా తియ్యగా. నేను ఆ తియ్యదనం పెళ్లిచూపుల తరువాత మళ్లీ వినలేదు. మర్నాడు కాక డ్యూటీకి వెళ్లగానే ఆమె ఫోను పట్టుకుని పక్క క్వార్టరులోకి వెళ్లి తలుపేసుకుంది. ఎందుకని అడిగితే, "నీ ప్యాంటుకు చెవులున్నయి" అంది.

ఆదివారం హాలు నిండిపోయింది. దండలు, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యాయి. లైట్లు ఆరాయి. తెర ఇంకా వెలగనేలేదు, ముందు వరుసలో కాక గుండె మీద చెయ్యి వేసుకుని, "అరె! నా ఫోటోలు!" అని గావుకేక పెట్టాడు.

"ఇంక వెయ్యలే. కూసో" అంది చిన్నమ్మ చీకట్లో.

సినిమా నడిచింది. ప్రతి ఫోటోకూ కాక ఒక అరక్షణం ముందుగా ఆశ్చర్యపోయాడు. బిందె దగ్గర లేచి నిలబడి మరీ ఆశ్చర్యపోయాడు. ఇక అయిపోయిందని ఆయన దండ సర్దుకుంటుండగా, ఆయన చూడని ముక్క ఒకటి మొదలైంది. తెర నిండా చిన్నమ్మ, వాళ్ల వంటింట్లో, కొత్త చీర కట్టుకుని, చేతిలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"నీకు అన్నీ ముందే తెల్సు గదా? గిది తెల్సా?" అంది తెర మీది చిన్నమ్మ. "రేపటి సంది నీకు ఇంట్ల డ్యూటీ. ఫస్టు షిఫ్టు నల్లా నీళ్లు పట్టుడు. సెకండు షిఫ్టు కూరగాయలు తెచ్చుడు, కోసుడు. నైటు షిఫ్టు గురక బంద్. లీవులు నేనిస్త. ఓవర్‌టైమ్ లేదు. గిన్నేండ్ల సంది బాయి సైరన్ కూసినప్పుడల్ల నువ్వు పైకొచ్చినవా లేదా అని వాకిట్ల నిలవడ్డ. నా డ్యూటీ గూడ అయిపోయింది. నేనూ రిటైరైన."

హాలు నవ్వుతో దద్దరిల్లింది. లైట్లు వెలిగాయి. కాక గుండె మీద చెయ్యి వేసుకోలేదు, కేక పెట్టలేదు. దండ ఒక చేతిలో, కళ్లజోడు ఒక చేతిలో పట్టుకుని, నోరు తెరిచి తెర వంక చూస్తూ ఉండిపోయాడు. తెర మీద ఏమీ లేదు. అయినా చూస్తూనే ఉన్నాడు.

చిన్నమ్మ తెరను చూడలేదు. ప్లేటులోని మిక్చరు నములుతూ, పక్కకు తిరిగి, ఆ తెరిచిన నోటినే తీరిగ్గా చూసుకుంటూ కూర్చుంది.