డిక్కీలో చెవి

ముసలి మేస్త్రికి ఒకటే పట్టుదల. చప్పుడు తన చెవిన పడనిదే పానా ముట్టడు. కారు ముందువైపు మూలిగితే బానెట్ మీద చెవి ఆన్చి వింటాడు. వెనకవైపు మూలిగితే డిక్కీలో దూరి, ముడుచుకుని పడుకుని, "ఊఁ, పోనీ" అంటాడు. డెబ్బై రెండేళ్ల మనిషి డిక్కీలోంచి కాళ్లు బయటపెట్టి పోతూంటే, ఎవరినో ఎత్తుకుపోతున్నారని జనం వెంటపడిన రోజులు కూడా ఉన్నాయి.

"పోలీసులే ఆపారొకసారి," అని ఆయనే గొప్పగా చెప్పుకుంటాడు. "ఆపి ఏం చేశారనుకున్నావ్? వాళ్ల జీపు చప్పుడు కూడా విని పెట్టమన్నారు!"

ఆయన చదివింది పల్లెటూరి బళ్లో ఐదో తరగతి. ఆరో తరగతికి పక్కూరు నడిచి వెళ్లమంటే బయల్దేరాడు గానీ, దారిలో ఒక లారీ చెడిపోయి కనబడింది. చదువు అక్కడే ఆగిపోయింది. లారీ మాత్రం కదిలింది. అప్పటినుంచి యాభై తొమ్మిదేళ్ల సర్వీసు.

అలాంటి మేస్త్రి షెడ్డుకి ఒక మధ్యాహ్నం టాక్సీ డ్రైవరు ఒకడు ఉరికంబం ఎక్కేవాడి మొహంతో వచ్చాడు. పక్కనే బావ. టాక్సీ ఆ బావదే. ఆర్నెల్లుగా బండి కదిలినప్పుడల్లా వెనకాల ఖటక్ మంటోంది. ఇప్పటికే రెండు షెడ్లు తిరిగారు. మొదటివాడు చక్రాల బేరింగులు మార్చాడు, రెండోవాడు వెనక స్ప్రింగు పట్టీల బుష్షులు మార్చాడు. ఖటక్ మాత్రం మారలేదు.

"ఇదే ఆఖరు షెడ్డు," అన్నాడు బావ. "ఇక్కడా తేలకపోతే తాళాలు ఇంకొకళ్లకిస్తాను. మీ అక్క ఏడ్చినా సరే."

డ్రైవరుకి యాభై అయిదేళ్లొచ్చాయి, స్టీరింగు తప్ప ఇంకో విద్య రాదు. పైగా బండికంటే ముందే తన ఎడమ మోకాలు చెడింది. క్లచ్ తొక్కితే ప్రాణం పోయినంత పని, మెల్లిగా వదులుదామంటే కాలు మాట వినదు. ఖటక్ పాపం తనదేనేమో అని లోపల అనుమానం. బయట అనే ధైర్యం లేదు.

"చప్పుడు ఎలా ఉంటుంది? చేసి చూపించు," అన్నాడు మేస్త్రి.

"ఖటక్."

"కట్టె విరిగినట్టా, తాళం పడినట్టా?"

"తాళం పడినట్టే."

"పెట్టె తాళమా, వీధి గుమ్మం తాళమా?"

"ఏదో ఒక తాళంలెండి!" అని బావ విసుక్కున్నాడు.

"ఏదో ఒక తాళం అనుకున్నందుకే ఆ రెండు షెడ్లవాళ్లూ మీ బేరింగులు పీకారు," అని మేస్త్రి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. ఆపాడు, తీశాడు, మళ్లీ ఆపాడు. కిక్కురుమనలేదు. కన్నకొడుకులా నడిచింది బండి.

బావ కళ్లు చిన్నవయ్యాయి. "మీ చేతిలో మోగలేదు. మరి వీడి చేతిలోనే ఎందుకు మోగుతోందంటారు?"

అయిపోయింది, బతుకు రోడ్డున పడిందనుకున్నాడు డ్రైవరు.

"వినకుండా ఎలా చెప్తాను?" అని మేస్త్రి డిక్కీలోకి ఎక్కాడు. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు నడుపు."

డ్రైవరు క్లచ్ వదిలాడు. ఖటక్.

"ఇంకోసారి!" డిక్కీలోంచి కేక.

ఖటక్.

"భలే ఉంది, ఇంకోసారి!"

పన్నెండుసార్లు. ప్రతిసారీ మోకాట్లో మేకు దిగినట్టయింది. షెడ్డు గుమ్మంలో బావ వేళ్లు మడుస్తూ లెక్కపెడుతున్నాడు. పదమూడోసారి అడిగితే తాళాలు తనే ఇచ్చేసి ఏ సత్రంలోనో పడుకుందామనుకున్నాడు డ్రైవరు.

మేస్త్రి దిగి, నెత్తిన అంటుకున్న సాలెగూడు దులుపుకుంటూ డ్రైవరు కారు దిగే తీరు చూశాడు. కుంటుతూ, తలుపు పట్టుకుని, ముందు కుడికాలు.

"ఏం తేలింది?" అన్నాడు బావ.

"ఇంజను బలాన్ని వెనక చక్రాలకి మోసుకెళ్లే షాఫ్టుంది చూశారూ, దాని కీలులో ఉండే క్రాసు అరిగింది."

"మరి మీరు నడిపితే మోగలేదే?"

"హెడ్మాస్టరు ముందు పిల్లలు అల్లరి చేస్తారటండీ? యాభై తొమ్మిదేళ్ల సర్వీసు! నన్ను చూస్తే ఏ బండైనా బుద్ధిగా ఉంటుంది. ఇంకో దోషం, డ్రైవరు సీటు కుంగింది. బరువంతా వెనక్కి పడి షాఫ్టుని తినేస్తోంది. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ ఉండదు."

"అందుకే అనుభవం అనుభవమే అంటారు," అని బావ తల ఊపాడు.

"బండి ఇక్కడే వదలండి. నేనింకా వినాలి."

బావ వెళ్లిపోయాడు. గంటలో పాత క్రాసు ఊడింది, కొత్తది ఎక్కింది. మేస్త్రి సీటు కింద చెక్కలు పెట్టి ఎత్తు చేశాడు. క్లచ్ తీగ సర్ది పెడలు తేలిక చేశాడు. అన్నీ అయ్యాక చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "మోకాలికి ఎన్నాళ్లయింది?"

డ్రైవరు కూలబడ్డాడు. "తెలిసిపోయిందా?"

"క్రాసు అరిగిన మాట నిజం. దాన్ని అరగదీసింది నీ కాలు. డిక్కీలో పడుకుంటే బండి ఒక్కటే వినపడుతుందా? పన్నెండు ఖటక్‌లకీ ముందు పన్నెండు 'అమ్మా'లు వినపడ్డాయి."

"మరి బావతో చెప్పలేదేం?"

"చప్పుడు పోగొట్టమన్నాడు. మనిషిని పోగొట్టమన్నాడా? కానీ ఒకటి చెప్తున్నా విను. రేపు ఎముకల డాక్టరుకి చూపించుకో. ఆయన సరేననేదాకా జనాన్ని ఎక్కించావంటే మీ బావకి నేనే చెప్తాను."

మర్నాడు డ్రైవరు మోకాలికి పట్టీతో, వేలాడే మొహంతో వచ్చాడు. "వాపు తగ్గుతుందట. కానీ మేస్త్రీ, పది రోజులు కాలు కదపకూడదన్నాడు డాక్టరు. పది రోజులు! బావ ఊరుకుంటాడా? నా పని అయిపోయినట్టే."

అంతలో మేస్త్రి ఫోను మోగింది. అవతల బావ.

"ఇంకా కాలేదా మేస్త్రీ?"

మేస్త్రి తాపీగా, పని పూర్తయిన బండి బానెట్ మీద టీ గ్లాసు పెట్టి, కుర్చీ ఒకటి డ్రైవరు వైపు కాలితో జరిపాడు.

"అబ్బే, తొందరపడకండి బాబూ. మొండి చప్పుడు. పది రోజులు వింటేగానీ తేలేట్టు లేదు."